వేలికొన చెప్పిన అబద్ధం

"ఏ చెయ్యి?" అని అడిగింది గిరిజ.

"ఎడమ చెయ్యి అక్కా. కుడిచేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. సెలైన్ ఎక్కే చేతి నుంచి రక్తం తియ్యకూడదని నరసాపురం నర్సింగ్ కాలేజీలో మొదటి సంవత్సరమే నేర్పారు మాకు."

"ఏ వేలు?"

"ఉంగరపు వేలు. పక్కగా గుచ్చాను."

"గుచ్చే ముందు?"

"స్పిరిట్ దూదితో తుడిచాను. ఆరనిచ్చాను. దూది తెల్లగానే ఉంది, మురికి కూడా లేదు."

జూడీ తడుముకోకుండా జవాబులు చెబుతోంది. ఆమె యూనిఫాంలో లేదు. మెడలో ఉండాల్సిన కార్డు నిన్ననే తీసేసుకున్నారు. తను మూడేళ్ళుగా పనిచేస్తున్న ఐసీయూ బయట, రోగుల బంధువులు కూర్చునే గదిలో, కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ అనే ఊళ్ళోని ఆ ఐసీయూలో ఏడాదికి పైగా ఒక పరిశోధన నడుస్తోంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి, అంతకుముందు షుగర్ జబ్బు లేకపోయినా, రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. పెరిగితే పుండు మానదు, ఇన్ఫెక్షన్ లొంగదు. మరీ తగ్గిస్తే మెదడే దెబ్బతింటుంది. ఆ సన్నని దారిలో రోగిని నడిపించడం డాక్టర్లకి బాగా తెలుసా, కంప్యూటర్‌కి బాగా తెలుసా అన్నది వాళ్ళ ప్రశ్న. నర్సు రక్తపు చుక్కని మీటర్‌కి అందిస్తుంది. మీటర్ ఆ అంకెను తనే కంప్యూటర్‌కి పంపుతుంది. ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో కంప్యూటర్ చెబుతుంది. నర్సు 'సరే' నొక్కితే పంపు ఎక్కిస్తుంది.

సోమవారం ఉదయం దీనమ్మగారికి మీటర్ 302 చూపించింది. కొడుకు దగ్గరికి వచ్చిన నెలకే పిత్తాశయానికి చీము పట్టి ఐసీయూలో చేరిన మనిషి ఆవిడ. మామూలుగా మణికట్టు దగ్గరి ధమనిలో పెట్టిన గొట్టం నుంచి రక్తం తీస్తారు. ఆ రోజు గొట్టంలో గడ్డకట్టడంతో తీసేశారు. అందుకే వేలికి గుచ్చాల్సి వచ్చింది. కంప్యూటర్ మోతాదు పెంచమంది, జూడీ సరే నొక్కింది. గంట తిరక్కముందే దీనమ్మగారికి ఫిట్స్ వచ్చాయి. ల్యాబ్‌కి పంపిన రక్తంలో చక్కెర 24. ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు.

అంతకుముందు ఇద్దరు రోగులకి ఇలాగే జరిగి, సకాలంలో పట్టుకోవడంతో తప్పిపోయింది. మూడుసార్లూ డ్యూటీలో ఉన్నది జూడీయే. ఈ మధ్యాహ్నం రెండింటికి విచారణ. అక్కడ తప్పు ఆమెదేనని తేలితే ఉద్యోగం పోతుంది. జర్మన్ నేర్చుకుని, పరీక్షలు రాసి తెచ్చుకున్న నర్సు గుర్తింపు పోతుంది. ఆ తరువాత పోలీసులు. వాళ్ళ మాటల్లో దాని పేరు హత్యాయత్నం.

"మీటర్ అబద్ధం చెప్పదంటున్నారు," అంది జూడీ. "నేనూ చెప్పడం లేదు. మరి ఎవరు చెప్పినట్టు అక్కా?"

ప్రైవేట్ డిటెక్టివ్ అయిన గిరిజ ఇంకో ప్రశ్న వేసింది. "మిగతా నర్సులూ వేలికే గుచ్చుతారా?"

"లేదు, వాళ్ళు చెవి తమ్మెకి గుచ్చుతారు. ఇక్కడ అలవాటు అంతే. రూల్లో రెండూ ఒప్పే." జూడీ కాస్త తటపటాయించింది. "నాకు మాత్రం చెవి పట్టుకోబుద్ధి కాదు. పెద్దవాళ్ళు కదా. దీనమ్మగారికైతే దుద్దుల బరువుకి తమ్మెలు సాగిపోయి ఉన్నాయి. గుచ్చితే ఎక్కడ చిరుగుతాయో అనిపించింది."

"ఆ ముందు ఇద్దరికీ?"

"వాళ్ళకీ వేలికే."

గిరిజ లేచి నిలబడింది. ఈ ఐసీయూలో వేలికి గుచ్చే మనిషి ఒక్కతే. అంకె తప్పింది కూడా ఆ ఒక్కతె చేతిలోనే. మనిషిని అనుమానించడానికి అది చాలు అనుకున్నారు వీళ్ళు. వేలిని అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

తలుపు దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు.

"వకీల్ను తీస్కరమ్మంటే డిటెక్టివ్‌ను తెచ్చుకున్నవా జూడీ?"

రవీంద్రనాథ్. ఇన్సులిన్ లెక్క వేసే ఆ ప్రోగ్రామ్ రాసింది ఈయనే. కరీంనగర్ నుంచి వచ్చి జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి, అక్కడే స్థిరపడ్డాడు. లోపం ఎక్కడుందో తేల్చమని ఆయన పనిచేసే కంపెనీ ఆయన్నే పంపింది. తప్పు తన యంత్రానిదా, నర్సుదా అన్నది ఆయనే తేలుస్తున్నాడు. ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు, గిరిజకి తప్ప. ఆ మాటే అంది కూడా.

"మేడమ్, ఈ దేశంల డిటెక్టివ్‌కు, ఐస్‌క్రీమ్ బండికి ఒకటే కౌంటర్ల పర్మిషన్ ఇస్తరు," అన్నాడాయన. "నా ప్రోగ్రామ్‌కు పర్మిషన్ రావడానికి ఆరేండ్లు పట్టింది. అంకె లోపలికి పోతది, మోతాదు బయటికి వస్తది. గంతే. తప్పు అంకె ఇస్తే తప్పు మోతాదు వస్తది."

"తప్పు అంకె ఎందుకొచ్చిందో అడిగారా?"

"గ్లూకోజ్ ఎక్కే చేతికెల్లి తీసి ఉంటది. కాదంటే కావాలని చేసి ఉంటది. మూడోది లేదు."

"వేలికీ చెవికీ తేడా చూశారా?"

"చూస్తున్న కదా. అందుకే ఆర్డర్ ఇచ్చిన. ఇయ్యాల పన్నెండు గంటలకెల్లి అందరికీ వేలికే గుచ్చాలె, జూడీ గుచ్చినట్టే. ఇక్కడ ఎనిమిది బెడ్లు, ఇదే ప్రోగ్రామ్ నడిచే జార్‌బ్రూకెన్ హాస్పిటల్‌ల పన్నెండు. ఇరవై మందికీ అంకెలు సరిగ్గ వస్తే, తేడా వేలిది కాదని తేలుతది. ఇగ మనిషే మిగులుతది."

ఆ ఆర్డర్ నిన్న సాయంత్రమే కారిడార్ గోడకి అంటించారు. వస్తూ గిరిజ చదివింది. జూడీ తల వంచుకుంది. ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. పదకొండు దాటింది.

దీనమ్మగారి గదిలోకి గిరిజని తీసుకెళ్ళింది కొడుకు కృపాల్. తల్లి తరఫున సంతకాలు చేసే హక్కు అతనిదే కాబట్టి ఆసుపత్రివాళ్ళు కాదనలేకపోయారు. ఇద్దరూ గౌన్లు తొడుక్కున్నారు. అతను రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

మంచం దగ్గర మైకేల్ అనే నర్సు దీనమ్మగారి ఎడమచేతి వేలికి ఆక్సిజన్ చూపించే క్లిప్పు సర్దుతున్నాడు. అది జారి పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. విసుక్కుంటూ దాన్ని కాలి వేలికి తగిలించి వెళ్ళాడు.

గిరిజ ముందు కుడిచెయ్యి చూసింది. గ్లూకోజ్ సూది చుట్టూ ప్లాస్టర్లు. చర్మం పొడిబారి, వేళ్ళ కణుపుల దగ్గర తెల్లగా పగిలి ఉంది. మంచం చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమచెయ్యి పట్టుకుంది. మెత్తగా, నున్నగా ఉంది. వంగి వాసన చూసింది. చామంతి వాసన.

"ఆంటీ, మీకొకటి చెప్పాలి," అన్నాడు కృపాల్ వెనకనుంచి. గొంతు తగ్గించి, తలుపు వైపు చూస్తూ చెప్పాడు. సోమవారం పొద్దున అమ్మకి చర్చిలో ఇచ్చినట్టు ప్రభురాత్రి భోజనం ఇవ్వాలనిపించింది. నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదన్నారని తెలుసు. అయినా ఇంటినుంచి చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చి, వేలు ముంచి, పెదవులకి రాశాడు. ఆ తరువాతే అంకె 302 వచ్చింది. నిన్న ఇంటర్నెట్‌లో చదివాడు, పళ్ళరసం అంటిన వేలికి గుచ్చితే మీటర్ ఎక్కువ చూపిస్తుందని. అప్పటినుంచి అన్నం సహించడం లేదు.

"ఎటువైపు నిలబడ్డావు?"

"ఇటే. కుడివైపు."

"అమ్మ ఎడమచెయ్యి ముట్టుకున్నావా?"

"లేదు. నా చెయ్యి అంతదూరం అందదు, మధ్యలో గొట్టాలన్నీ ఉన్నాయి."

"ద్రాక్షరసం ఎర్రనిది. జూడీ తుడిచిన దూది తెల్లగానే ఉంది. నీది కాదు కృపాల్."

అతను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. గిరిజ అతని వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తాడని తెలుసు, ఏడవడానికి ఇప్పుడు తీరిక లేదు. ఈ పిల్లవాడి భయం ఆమెకి దారి మాత్రం చూపించింది. చర్మం మీద చక్కెర. రంగు లేని చక్కెర.

"చేతికి క్రీమ్ ఎవరు రాస్తారు?"

"ఫ్రావ్ హెల్విగ్. ఆకుపచ్చ ఏప్రన్ వేసుకుని వస్తుంది చూడండి, వాలంటీర్. జీతం ఏమీ లేదు పాపం. మంచావిడ ఆంటీ, నాకు రోజూ కాఫీ తెచ్చిస్తుంది. అందరి చేతులకీ ఆవిడే రాస్తుంది. అమ్మకి కుడిచేతికి ప్లాస్టర్లున్నాయని ఎడమచేతికే. ఇందాకే రాసి పక్క గదిలోకి వెళ్ళింది."

"ఇవాళ కూడా రాసిందా?"

"ఇవాళ ఇంకాస్త ఎక్కువే రాసింది. పొద్దున ఆ నోటీసు చదివి నన్ను అడిగింది, ఇకనుంచి అందరికీ వేలికే గుచ్చుతారట, నిజమేనా అని. అవునన్నాను. 'ఎట్టకేలకు' అంది."

గిరిజ కిటికీ గట్టు మీద చూసింది. చిన్న గాజు డబ్బా, మూత మీద గుండ్రటి చేతిరాతతో దీనమ్మగారి పేరు. మూత తీసి, వేళ్ళ మధ్య కాస్త రుద్దింది. పలుకులేమీ తగల్లేదు. మామూలు క్రీమ్‌లాగే ఉంది, ఆరుతుంటే మాత్రం వేలికి వేలు అంటుకుంటోంది.

ఆమె రవీంద్రనాథ్‌ని కారిడార్‌లోని సింక్ దగ్గరికి పిలిపించింది. ఆయన చిరాగ్గా వచ్చాడు.

"రెండు నిమిషాలు. మీరు ఏమీ నమ్మక్కర్లేదు, చూస్తే చాలు," అంటూ గిరిజ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన మీటర్ తీసింది. పదకొండేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. పర్స్ మరిచిపోయిన రోజులున్నాయి గానీ మీటర్ మరిచిపోయిన రోజు లేదు. సబ్బుతో రెండు చేతులూ కడుక్కుంది, తుడుచుకుంది. కుడి ఉంగరపు వేలికి గుచ్చింది. 112.

"మీ షుగర్ మంచిగనే ఉంది మేడమ్. సంతోషం."

ఎడమ ఉంగరపు వేలికి డబ్బాలోని క్రీమ్ రాసుకుంది. చర్మంలోకి ఇంకేదాకా రుద్దింది. స్పిరిట్ దూదితో తుడిచింది, ఆరనిచ్చింది. జూడీ చేసినట్టే. గుచ్చింది.

387.

రవీంద్రనాథ్ మీటర్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "క్రీమ్ల తేనో గీనో కలుపుతరు కంపెనోళ్ళు."

ఆ మాట వస్తుందని ఆమెకి తెలుసు. మైకేల్‌ని అడిగి స్టోర్‌లోంచి అదే క్రీమ్, సీలు తీయని డబ్బా తెప్పించింది. ఇంకో వేలికి రాసుకుని, అలాగే తుడిచి, గుచ్చింది. 115.

"కంపెనీ కలపలేదు," అంది గిరిజ. "ఈ డబ్బాలో ఎవరో గ్లూకోజ్ పాకం కలిపారు. స్పిరిట్‌కి పోదు. సబ్బునీళ్ళకి పోతుంది. మీ నర్సులు చెవికి గుచ్చుతున్నారు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. వేలికి గుచ్చింది జూడీ ఒక్కతే. అందుకే దొరికిపోయింది."

ఎదురుగా గోడ మీద ఎనిమిది బెడ్ల అంకెలు చూపించే పెద్ద తెర ఉంది. రవీంద్రనాథ్ దాని వైపు తిరిగాడు.

"ఆ హెల్విగ్ అనే ఆవిడ ఇవాళ అందరి చేతులకీ రాసింది," అంది గిరిజ. "మీరు అందరికీ వేలికే గుచ్చమన్నారు."

పన్నెండయింది. మూడో బెడ్ గడిలో అంకె మారింది. 341. దాని కింద కంప్యూటర్ అడిగిన ఇన్సులిన్ మోతాదు వెలిగింది.

మైకేల్ అప్పటికే పరుగెత్తాడు. మూడో బెడ్ దగ్గరున్న నర్సు 'సరే' నొక్కకుండా చెయ్యి పట్టుకుని ఆపి, ఆ రోగి చెవికి గుచ్చి, అక్కడినుంచే అరిచి చెప్పాడు. 128.

ఐదో బెడ్ గడిలో 296 వెలిగింది.

"ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఆపలేం," అంది గిరిజ. "మొత్తం ఆపగలిగింది మీరే. ఆపండి."

"ఆపితే మళ్ళ మొదలుపెట్టనియ్యరు మేడమ్. పరిశోధన మధ్యల బంద్ చేస్తే అంతే సంగతి. ఆరేండ్ల పని ఇది."

"మీ యంత్రం లెక్క తప్పలేదు. నిజమే. తనకి ఏం తినిపిస్తే అది నమ్మింది. ఇప్పుడు కూడా నమ్ముతోంది."

రవీంద్రనాథ్ కౌంటర్‌లోని కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. మొదటిసారి తప్పు పడింది. రెండోసారి ఒక్కొక్క అక్షరం చూసి కొట్టాడు. ఎనిమిది గడులూ ఒక్కసారిగా బూడిదరంగుకి మారాయి.

అద్దాల తలుపు అవతల జూడీ నిలబడి చూస్తోంది. కార్డు లేదు కాబట్టి ఆ తలుపు ఆమెకి తెరుచుకోదు. గిరిజ మైకేల్ వైపు తిరిగింది. "ఎనిమిది మంది చేతులూ సబ్బుతో కడగాలి, అందరికీ చెవినుంచి మళ్ళీ రక్తం తీయాలి. మీరు ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురం."

"తలుపు తియ్యండి. నలుగురవుతారు."

మైకేల్ రవీంద్రనాథ్ వైపు చూశాడు. ఆయన అద్దంలోంచి జూడీని చూసి, తల ఊపాడు. జూడీ లోపలికి వచ్చి, కోటు విప్పి కుర్చీ మీద వేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టింది.

ఫ్రావ్ హెల్విగ్, అంటే హెల్విగ్‌గారు, చివరి గదిలో ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఆకుపచ్చ ఏప్రన్ మీద చిన్న ముడత కూడా లేదు. స్పృహలేని ఒక ముసలాయన చేతిని ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకీ క్రీమ్ రాస్తోంది. గిరిజ, రవీంద్రనాథ్ లోపలికి వస్తే తల ఎత్తింది. భయపడలేదు.

"ఎంత చూపించింది?" అని అడిగింది.

"మూడు వందల నలభై ఒకటి," అంది గిరిజ.

"నమ్మిందా?"

"నమ్మింది."

ఆవిడ ఆ ముసలాయన చేతిని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టింది. "పోయిన ఏడాది నా భర్త ఈ గదిలోనే ఉన్నారు. తినలేరు. డబ్బా పీచ్ పండంటే ఇష్టమని, వాసనైనా చూస్తారని ఒక ముక్క చేతిలో పెట్టాను. ఆ రోజు వేరే వార్డునుంచి వచ్చిన నర్సు ఆ వేలికే గుచ్చింది. యంత్రం ఇన్సులిన్ పెంచింది. ఆ సాయంత్రం పోయారు. చేతికి రసం అంటి ఉందని నేను చెప్పాను. ఇక్కడ చెప్పాను, ఫోన్ చేసి చెప్పాను. మీటర్ అబద్ధం చెప్పదు అన్నారు. ఆ మాట అన్నది మీరే, హెర్ రవీంద్రనాథ్. నా పేరు మీకు గుర్తుండదు."

రవీంద్రనాథ్ ముఖం చూస్తే పేరు గుర్తుందని తెలుస్తోంది.

"అందుకని దీనమ్మగారా?" అంది గిరిజ. "ఆవిడ మీకేం చేసింది? ఆవిడ కొడుక్కి రోజూ కాఫీ ఇచ్చారు కదా."

మొదటిసారి ఆవిడ చూపు పక్కకి తప్పింది. "అంకెలు తప్పుతాయి, డాక్టర్లు చూసి ఆపుతారు, అప్పుడైనా నా మాట వింటారు అనుకున్నాను. ముందు ఇద్దరి విషయంలో ఆపారు కూడా. ఆపి, ఆ నర్సుని తప్పుపట్టారు. నా మాట ఎవరికీ తట్టనే లేదు."

"తట్టకపోతే మానెయ్యాలి. మీరు సోమవారం మళ్ళీ రాశారు. ఇవాళ ఇంకా ఎక్కువ రాశారు."

ఆవిడ మూత పెట్టి, డబ్బాని ట్రాలీ మీద మిగతా వాటి పక్కన వరసగా సర్దింది. ట్రాలీ కింది అరలో ఒక అట్టపెట్టె ఉంది, ఖాళీది. గిరిజ వంగి దాని మీది చిరునామా చీటీ చదివింది. డబ్బాలు ఇక్కడికి వచ్చిన పెట్టె కాదది. ఇక్కడినుంచి పంపడానికి చిరునామా రాసి, చీటీ సరిగ్గా అంటుకోక పక్కన పడేసిన పెట్టె.

"ఇంకో పెట్టెలో పెట్టి పంపారా?" గిరిజ గొంతు మెల్లగా వచ్చింది. "ఎప్పుడు?"

"పోయిన వారం," అంది ఫ్రావ్ హెల్విగ్. "అక్కడా మా వాలంటీర్ల సంఘం వాళ్ళున్నారు. మంచి మనుషులు, వాళ్ళకేమీ తెలియదు. రోగులకి కానుక అన్నాను."

గిరిజ చీటీని రవీంద్రనాథ్‌కి చూపించింది. జార్‌బ్రూకెన్.

"మీరు ఇందాక ఆపింది రెండు ఆసుపత్రుల్లోనూ ఆగినట్టేనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్కడి పన్నెండు పడకల్లో ఇప్పుడు పన్నెండు వేళ్ళకి గుచ్చుతున్నారు, ఆయన ఆర్డర్ ప్రకారమే. పన్నెండు దాటి అప్పటికి పావుగంట.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. నంబర్ నొక్కేలోపే అది ఆయన చేతిలో మోగింది. తెర మీద జార్‌బ్రూకెన్ ఐసీయూ పేరు.